ఇల్లు బయట, మూల లోపల

నేరేడ్‌మెట్‌లో మా ఇంటికి అప్పట్లో గోడ లేదు, కంచె లేదు. రెండు గదులు, వెనక వంటిల్లు, పైన పెంకులు, చుట్టూ మొరం నేల. మామగారు గుంటూరు వైపు నుంచి వచ్చి మిలిటరీ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి, ఆ ఇల్లు కట్టి, కంచె సంగతి తర్వాత చూద్దాంలే అంటూనే పోయారు. వెనక బస్తీ ఆడవాళ్ళకు రోడ్డు మీది నల్లా దగ్గరికి వెళ్ళాలంటే మా పెరడే దారి. కాదంటే గుట్ట చుట్టూ తిరగాలి. తెల్లారింది మొదలు ఖాళీ బిందెలు అటు, నిండు బిందెలు ఇటు. మా అత్తయ్య ఏనాడూ కాదనలేదు. నీళ్ళకు పోయేవాళ్ళను ఆపకూడదు అనేది. నాకూ పట్టింపు ఉండేది కాదు, పోలీస్ యాక్షన్ జరిగిన ఆ సెప్టెంబరు దాకా.

ఆ సెప్టెంబరులోనే నాకు నెలలు నిండకుండా నొప్పులు వచ్చాయి. రోడ్ల మీద పురుగు తిరగడం లేదు. ఏ సర్కారు ఉందో, ఏ సర్కారు పోయిందో తెలియని రోజులు. నర్సమ్మను తీసుకొస్తానని ఆయన సైకిలు తీస్తే, అత్తయ్య గుమ్మానికి అడ్డం నిలబడి పోనివ్వలేదు. బొడ్డు కోసింది ఆమే, తుడిచింది ఆమే. బిడ్డ ఏడవలేదు. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తి వీపు మీద తట్టింది, నీళ్ళు చల్లింది. ఏడవలేదు. నేను మంచం మీద నుంచి, గట్టిగా కొట్టండి అత్తయ్యా, గట్టిగా కొట్టండి అని అరుస్తూనే ఉన్నాను.

మా చర్చి సమాధుల తోట సికింద్రాబాదులో ఉంది. అంత దూరం వెళ్ళే ధైర్యం ఎవరికీ లేదు, వెళ్ళనిచ్చేవాళ్ళూ లేరు. మర్నాడు మధ్యాహ్నం, బిందెల వాళ్ళు కూడా ఇళ్ళలోంచి కదలని పూట, పెరటి మూల సీతాఫలం చెట్టు దగ్గర ఆయన తవ్వారు. ప్రార్థన చేశారు గాని పెదవులు కదిలాయంతే, మాట వినపడలేదు. మన్ను పూడ్చి, ఎవరి కంటా పడకుండా చదును చేసి, ఎండాకులు చల్లి లోపలికి వచ్చేశారు. పరిస్థితులు సర్దుకున్నాక తోటకు మారుద్దాం అన్నారు.

సర్దుకున్నాక వెళ్ళి సంఘం పెద్దలను అడిగారు కూడా. బాప్తిస్మం కాని బిడ్డ, పైగా ఒకసారి పూడ్చిందాన్ని మళ్ళీ తియ్యడం, కమిటీలో పెట్టి చెప్తాం అన్నారట. నాకు ఒళ్ళు మండిపోయింది. నా బిడ్డ మీద కమిటీ కూర్చోవడమేమిటండీ? మారిస్తే ఊరుకోను, ఎక్కడ పెట్టామో అక్కడే ఉంటుంది అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇప్పటికీ మా ఇంట్లో అంటారు. ఉంటుంది. మరెక్కడ ఉండాలి?

బిడ్డ పోయిందని బస్తీ అంతటికీ తెలుసు. ఎక్కడ పెట్టామో మాత్రం తెలియదు. తోటకు తీసుకెళ్ళారనుకున్నారు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. "పెరట్లో పెట్టుకున్నామని తెలిస్తే దయ్యాల కొంప అంటారమ్మాయ్. పిల్లలున్న వాళ్ళు మన గడప తొక్కరు. ఎవరితోనూ అనమాకు." నాకూ చెప్పాలని లేదు. చెబితే దాని మీద కూడా ఏదో ఒకటి అంటారు. అప్పటికే పాలు పోసే ఆవిడ వచ్చి, చెంబులో పాలు వంచుతూ, నా మొహం కూడా చూడకుండా అనేసింది.

"పోయిందేందో పోయింది తియ్ టీచరమ్మా. వయసులున్నవ్. మల్లొకటి పుడ్తది."

ఆ చెంబు తీసి ఆమె నెత్తిన వెయ్యాలనిపించింది. నా రొమ్ములు పాలతో రాళ్ళలా గడ్డకట్టి ఉన్నాయి. మల్లెపూలు కడితే పాలు ఇంకిపోతాయంటారు, ఆ నెలలో మల్లెపూలు ఎక్కడివి? అత్తయ్య పాత పంచె చింపి బిగించి కట్టింది. ఆ స్థితిలో ఉన్న నా ముందు నిలబడి మల్లొకటి పుడ్తది అంటుందా ఆవిడ!

వానలు అక్టోబరులోనూ విడవలేదు. పెరటి నడుమ దారిలో బర్రెలు, బిందెలు, మనుషులు కలిసి తొక్కి తొక్కి కాళ్ళు దిగబడే బురద చేశారు. ఒక పొద్దున వంటింటి కిటికీలోంచి చూద్దును గదా, ఆడవాళ్ళు బురద తప్పించుకుని మూలకు జరిగి నడుస్తున్నారు. ఒకామె నిండు బిందె దించి, సరిగ్గా అక్కడే నిలబడి, కొంగు దోపుకుంటోంది. చేతిలో గరిటె అలాగే పట్టుకుని ఉరికాను.

"జరుగు! అక్కణ్ణుంచి జరుగు!"

"ఏమైంది టీచరమ్మా? పామున్నదా?"

"ఉంది!" అనేశాను. నోటికి వచ్చింది అదే.

ఆ అబద్ధం ఆ సాయంత్రానికే నా మెడకు చుట్టుకుంది. పాలావిడ మొగుడు గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు, పాము బొక్క తవ్వి చంపిపోతానని. మంచికే వచ్చాడు పాపం. చెట్టు చుట్టూ గడ్డపారతో పొడుస్తున్నాడు, నేల గుల్లగా ఎక్కడుందా అని. గుల్లగా ఎక్కడుంటుందో నాకు తెలుసు. నేను పరిగెత్తుకెళ్ళి ఆ గడ్డపార రెండు చేతులా పట్టుకున్నాను. పాము పోయింది, నా కళ్ళతో చూశాను, గోడలేని ఇల్లు కదా, గుట్ట వైపు వెళ్ళిపోయింది, వదిలెయ్ అన్నా, వదిలెయ్ అని బతిమాలాను. నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు. నేను అక్కడే కూలబడ్డాను. కూలబడే నిశ్చయించుకున్నాను. కంచె కట్టాలి. ఎవరు ఏమన్నా సరే, ఈ మూలలో ఇక ఎవరి పాదమూ పడకూడదు.

పుట్టి పెరిగింది పద్మారావు నగర్‌లో, మా నాన్న బడిపంతులు, నేనూ చిన్నపిల్లల బడిలో టీచర్ని. కంచె కట్టడం గురించి నాకు తెలిసింది సున్నా. మోండా మార్కెట్ అవతల కట్టెల అడితికి వెళ్ళి తుమ్మ గుంజలు కావాలన్నాను.

"ఏమమ్మా, పందిరి ఏస్తున్నరా? ఇంట్ల పెండ్లా?" అన్నాడు అడితి ఆయన సంబరంగా.

"కాదు, కంచెకి."

"మరి మొగోళ్ళు రాలేదేంది?"

"మొగవాళ్ళు వస్తే గుంజలు పొడుగవుతాయా?" అన్నాను. మూసుకుని బండికి ఎత్తించాడు.

ఇంటికి రాగానే అత్తయ్య మొదలుపెట్టింది. "బాలింతవి, గడ్డపార పడతావా? నడుం విరిగిపోదూ! మా ఊళ్ళో అయితే దడి అంటే తాటాకు దడి. ఇసక నేల, చేత్తో గుచ్చితే దిగుద్ది." ఆ మాట నమ్మి నేనూ గుంజ మొన చెక్కి, గుచ్చి, సుత్తెతో కొట్టాను. గుంజ తల చీలింది గాని నేల చెక్కు చెదరలేదు. ఇక్కడిది కోస్తా ఇసక కాదు, మొరం. వానకు పైన జానెడు బురద అవుతుంది, కింద బండలా ఉంటుంది. ఇక లాభం లేదని గుంతలు తవ్వడం షురూ చేశాను. గడ్డపార వేస్తే ఖంగుమని తిరిగి నా చేతులకే తగిలేది. సాయంత్రం గుంతలో నీళ్ళు పోసి వదిలేస్తే, పొద్దునకు కాస్త మెత్తబడి పిడికెడు మట్టి వచ్చేది. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ పిడికెడు.

ఆ నీళ్ళ కోసం నేనూ నల్లా దగ్గర వరసలో నిలబడేదాన్ని. పాలావిడ అందరికీ వినపడేటట్టు అనేది.

"సూడుండ్రే! మనతోని లైన్ల నిలవడి నీళ్ళు తీస్కపోయి, మన తొవ్వకే బొక్కలు పెడ్తున్నది. గిట్లాంటిది ఏడన్న సూశిన్రా?"

అందరూ నవ్వేవారు. నిజం చెప్పొద్దూ, నాకూ లోపల నవ్వొచ్చేది. కాని మొహం బిగించుకుని బిందె ఎత్తుకునేదాన్ని.

గుంజల మొదళ్ళు చెద పట్టకుండా పొయ్యిలో పెట్టి పైపైన నల్లగా మాడ్చాను. ఇల్లంతా పొగ. ఆయన ఆఫీసు నుంచి వచ్చి దగ్గుతూ, "ఎందుకింత తక్లీఫ్? నాలుగు ముళ్ళ కంపలు పడేస్తే పోదూ?" అన్నారు.

"ముళ్ళ కంపలు పొయ్యిలోకని ఎత్తుకుపోతారు. కాళ్ళతో పక్కకు తోసేస్తారు. మీరు పొద్దున్నే పోతారు, కిటికీలోంచి చూసేది నేను," అన్నాను. ఆ ఆదివారం ఆయన ఆరాధన నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా, గుంతలో దించిన గుంజను రెండు చేతులా నిలువుగా పట్టుకుని నిలబడ్డారు. నేను రాళ్ళు వేసి దట్టించాను. ఆయన కళ్ళు మాత్రం చెట్టు వైపు తిరగలేదు.

మొదటి వరస గుంజలు దారికి అడ్డంగా నిలబడ్డాయి. పొద్దున లేచి చూస్తే రెండు గుంజలు పీకి, పక్కపక్కనే నేల మీద పడుకోబెట్టి ఉన్నాయి. మళ్ళీ పాతాను. మళ్ళీ పీకారు. ఎవరని వెతకక్కర్లేదు. పాలావిడ బిందెతో వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"నేనే పీకిన. ఏం జేస్తవ్?"

"మళ్ళీ పాతుతా."

"మల్ల పీకుత."

"పీకు! ఎవరి చేతులు ముందు అరుగుతాయో చూద్దాం."

"గీ తొవ్వ నీ అత్త ఇచ్చింది, నీ మామ ఇచ్చిండు. నువ్వు నిన్నగాక మొన్న వచ్చినవ్. నడుముల నొప్పితోని నేను గుట్ట సుట్టు తిరగాల్నా? జెర సోంచాయించు. సర్కారుకు చెప్త నేను."

"ఏ సర్కారుకు చెప్తవ్? మొన్నటిదానికా, ఇయ్యాల్టిదానికా?" కోపం వస్తే నాకు ఇక్కడి మాటే వస్తుంది.

వెనకున్న ఆడవాళ్ళు పక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆ రాత్రి అన్నం తింటుంటే అత్తయ్య మెల్లగా అంది. "దానిదీ తప్పు లేదే. నీళ్ళు లేకుండా ఎలా బతుకుతారు? నీ కడుపుకోత వాళ్ళకేం తెలుసు, చెప్పలేదాయె." ఆమె మాటలో న్యాయం ఉంది. అదే నాకు ఎక్కువ మంట. దారి మూస్తే వాళ్ళు పీకుతూనే ఉంటారు, పీకే హక్కు కూడా వాళ్ళకు ఉంది. చెప్పేస్తే ఒక్క పూటలో తేలిపోతుంది, కాని చెప్పలేను. చెయ్యి కడుక్కుంటుంటే తట్టింది. నాకు కావలసింది వాళ్ళు రాకుండా ఉండడం కాదు. ఆ మూలలో నడవకుండా ఉండడం.

మర్నాడు సగం పెరడు వరకు పాతిన గుంజలన్నీ నేనే పీకేశాను. పాలావిడ గెలిచాననుకుని ముసిముసిగా నవ్వుకుంటూ పోయింది. నేను రోలు దొర్లించాను. రోలు అంటే మా అత్తయ్య కాపురానికి వచ్చినప్పటి నుంచి వంటింటి పక్కన కదలకుండా ఉన్న రోలు. కోళ్ళ గంప జరిపాను. స్నానాల తడిక విప్పాను. వంటింటి గోడ పక్క నుంచి రోడ్డు దాకా, మనిషి బిందెతో సులువుగా పోయేటంత బాట చదును చేసి, పై మట్టి తీసేసి, బురద కాకుండా గులకరాళ్ళు పరిచాను.

అత్తయ్య నెత్తీ నోరూ కొట్టుకుంది. "మన వంటింట్లో ఏం వండుకుంటున్నామో ఊరంతా చూసుకుంటా పోవాలా?"

"చూడనివ్వండి. రోజూ పప్పే కదా."

ఆమె గొణుక్కుంటూనే కోళ్ళ గంప ఇంకా అవతలకి తనే ఈడ్చింది.

అప్పుడు కట్టాను అసలు కంచె. వెనక హద్దు రాయి దగ్గర మొదలై, పెరటి నడుమ నుంచి వంకర తిరిగి, ముందు రోడ్డు దాకా. అవతలి వైపు ఎలాగూ గుట్టే అడ్డం. గుంజకూ గుంజకూ మధ్య వాగు ఒడ్డున కొట్టుకొచ్చిన వావిలి కొమ్మలు, బుట్ట అల్లినట్టు ఒకటి లోపలికి, ఒకటి బయటికి. ముడులకు తాటినార. ఎండు నారతో కట్టిన మొదటి ముడులన్నీ పుటుక్కుమని తెగిపోయాయి. విప్పేసి, నార నానబెట్టి మళ్ళీ కట్టాను. వేళ్ళు చీలి నెత్తురు కారినా ఆపలేదు. బడి నుంచి రాగానే కొంగు దోపి కూర్చునేదాన్ని, దీపాలు పెట్టే వేళకు లేచేదాన్ని. ఒక వరుస పూర్తయితే ఆ రోజుకు కడుపులో మంట కొంచెం తగ్గేది. నిద్ర పట్టేది.

కంచె పూర్తయ్యేసరికి చూసినవాళ్ళకు మతి పోయింది. ఎవరైనా ఇంటిని లోపల పెట్టి కంచె కడతారు. నా కంచెకు ఇల్లు బయట ఉంది, వంటిల్లు బయట ఉంది, కోళ్ళూ రోలూ బయటే. లోపల ఉన్నది ఖాళీ మూల, ఒక సీతాఫలం చెట్టు. రోడ్డున పోయేవాళ్ళు ఆగి మరీ చూసేవారు. టీచరమ్మకు బిడ్డ పోయినప్పటి నుంచి బుర్ర సరిగా లేదని బస్తీలో అనుకుంటున్నారని మా అత్తయ్య చెవిన పడింది. పడనివ్వండి అన్నాను.

కాని ఎవరూ గుంజ పీకలేదు. ఎందుకు పీకుతారు? గులకరాళ్ళ బాట మంచిగా ఉంది, బురద లేదు, నల్లాకు ఇంకాస్త దగ్గర. పాలావిడ మాత్రం ఊరుకునే మనిషి కాదు. వంటింటి కిటికీ పక్కన నడుస్తూ, "ఇయ్యాల సుత పప్పేనా టీచరమ్మా?" అని అడిగి మరీ పోయేది. నేను పళ్ళు కొరుక్కునేదాన్ని.

ఇక ఎవరూ లోపలికి రారని నమ్మకం కుదిరాక, ఒక పొద్దున కంచె దాటి లోపలికి వెళ్ళాను. అన్నాళ్ళూ ఆ చోట ఒక్క గుర్తు కూడా పెట్టుకోలేదు, పెడితే ఎవరైనా అడుగుతారని. కొంగులో తెచ్చిన తెల్లరాళ్ళు నేల మీద చుట్టూ పేర్చాను. ఎంత చోటని? మూరెడు. రాళ్ళు కొన్ని మిగిలిపోయాయి. మిగిలిన రాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

బాట మీద గాజుల చప్పుడు, నవ్వులు. పాలావిడ గొంతు అందరికంటే పైకి వినపడింది. "ఏందీ, ఉత్త జాగల కూసోని ఏం పండిస్తున్నవ్ టీచరమ్మా? ఇల్లు బయట పెట్టి..."

మాట అక్కడే ఆగిపోయింది. తలెత్తి చూస్తే కంచె మీదుగా వంగి ఉంది. నన్ను చూడడం లేదు. రాళ్ళను చూస్తోంది. ఆ కొస నుంచి ఈ కొసకు, ఈ కొస నుంచి ఆ కొసకు. వెనకవాళ్ళు ఏమైందని తోసుకుంటుంటే, వాళ్ళకు కనపడకుండా అడ్డంగా జరిగింది.

"ఏం లేదు, మీరు నడువుండ్రి. నల్లా బందయితది. నేనొస్త."

వాళ్ళు వెళ్ళేదాకా నిలబడింది. బిందె కింద పెట్టింది. ఇప్పుడు అరుస్తుంది, బస్తీ అంతా చాటుతుంది, దయ్యాల కొంప అంటుంది అనుకున్నాను. అంటే ఏం చెయ్యాలో కూడా అనుకున్నాను.

"ఉత్త రాళ్ళు సాలవు," అంది ఆవిడ, గొంతు బాగా తగ్గించి. "పైన నల్లతుమ్మ కంప ఎయ్యాలె. కుక్కలు తవ్వుతయ్. మావి గుట్ట కింద గట్లనే ఏసినం."

మావి అంది. ఒక బిడ్డ కాదన్నమాట. పాలు వంచుతూ నా మొహం చూడకుండా మాట్లాడిన మనిషి ఇప్పుడు సూటిగా చూస్తోంది. నేను తలూపాను.

తనే అడిగింది. "ఆడపిల్లనా, మొగపిల్లగాడా?"

ఆ మాట అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. సంఘం పెద్దలు అడగలేదు, ఓదార్చడానికి వచ్చినవాళ్ళు అడగలేదు, మా అమ్మ కూడా అడగలేదు. పోయిందా అన్నారు, అయ్యో అన్నారు, అంతే.

"ఆడపిల్ల," అన్నాను.

"పేరేమన్న అనుకున్నవా?"

అనుకున్నాను. కడుపులో ఉండగానే అనుకున్నాను. ఆయనకు కూడా చెప్పలేదు, పుట్టాక చెబుదామని.

"చెప్పు మల్ల," అంది ఆమె, కంచె మీద రెండు చేతులు ఆనించి.

చెప్పాను. నా గొంతులో ఆ పేరు ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది.